సంత మామ మీద నువ్వుల ఉండలు

మదనపల్లె నుంచి కుప్పం వెళ్లదలచుకున్నవాళ్లు పొద్దున ఆరు గంటల బస్సు ఎక్కండి. ఎక్కాక కుడివైపు కూర్చోండి. ఎడమవైపు కూర్చుంటే పలమనేరు దాకా ఎండ మీ చెంప మీదే ప్రయాణం చేస్తుంది. ఈ కథనంలో నికరంగా పనికొచ్చే ముక్క ఇదొక్కటే. మిగతాది చదివి ఎవరూ బాగుపడరు. రాసి నేనూ బాగుపడలేదు.

బస్సు ఆరూ పదికి కదిలింది. టమోటా మార్కెట్టు లారీలు దారి ఇచ్చేసరికి ఆరున్నర. నా ఒళ్లో బియ్యం డబ్బా అంత పెట్టె ఒకటి ఉంది. దానిమీద "జాగ్రత్త" అని నేనే రాశాను. ఎవరు జాగ్రత్తగా ఉండాలో రాయలేదు.

కండక్టరు వచ్చి పెట్టె మీద వేలితో కొట్టాడు. "ఏముండాదప్పా దీంట్లో?"

"చుక్క."

"సుక్కా? పొద్దున్నే? అది బస్సులో ఎక్కించగూడదు, దించెయ్."

"తాగే చుక్క కాదన్నా. ఆకాశంలో చుక్క. ఇది మాటలు వినే యంత్రం."

ఆయన వంగి పెట్టెకు నోరు ఆనించాడు. "ఏం సుక్కా, నీకూ టికెట్టు కొట్టల్లనా?"

పెట్టె పలకలేదు. "ఇంటాది అంటివే?" అని కండక్టరు నావైపు అనుమానంగా చూసి వెనక్కి వెళ్లిపోయాడు. పెట్టె ఆన్‌లోనే ఉంది. బస్సు మోతకు వినపడలేదేమో అనుకున్నాను. కండక్టరుకు వచ్చిన అనుమానం నాకూ అప్పుడే రావలసింది. కానీ నాకు అనుమానాలు బస్సు దిగాక వస్తాయి.

నా పని గురించి చెప్పాలి. నేను ఇంజనీరింగు చదివాను. ఇప్పుడేం చేస్తున్నావని అడిగినవాళ్లకు "పిల్లలకు అంతరిక్షం చూపిస్తున్నాను" అంటాను. వాళ్లు వెంటనే మా నాన్నవైపు జాలిగా చూస్తారు. మాది చిన్న సంస్థ. సర్కారు బడుల్లో నల్లగుడ్డ గుడారం వేసి, దాన్ని ఫ్యానుతో ఉబ్బించి, పిల్లల్ని లోపల పడుకోబెట్టి, పైకప్పు మీద రాకెట్టు ప్రయాణం చూపిస్తాం. ఆ తర్వాత చుక్కను బయటికి తీస్తాం. పిల్లలు మాట్లాడితే అది విని, అక్షరాల్లో రాసి, అందులోని ఆలోచనను బట్టి మార్కులు వేస్తుంది. "దీనికి ఎవరూ వ్యాకరణం నేర్పలేదు పిల్లలూ, బోలెడుమంది మాటలు వినిపిస్తే అదే నేర్చుకుంది, చంటిబిడ్డ నేర్చుకున్నట్టు" అని చెప్పడం నా వంతు. ఆ మాట చెప్పినప్పుడల్లా నాకు కొంచెం గర్వంగా ఉండేది. ఆ బోలెడుమంది మాటల్లో మదనపల్లె వైపు మాటలన్నీ రికార్డు చేసి తెచ్చింది నేనే.

ఆ రోజు కుప్పంలో చివరి పోటీ. ఒక్కో బడి నుంచి ఒక్కరు వచ్చి, తన ప్రశ్న ఒకటి చుక్కకు వివరించాలి. గెలిచిన పదిమందికి అక్కడే హాస్టలు, ఇంటర్ దాకా సైన్సు చదువు. పోయినేడు మనుషులు మార్కులు వేస్తే, గెలిచినవాళ్లలో సగంమంది మార్కులు వేసినవాళ్లకు ఏదో ఒక వరసలో చుట్టాలని తేలింది. అందుకని ఈసారి యంత్రం. యంత్రానికి బావమరుదులు ఉండరు.

ఏడుంబావుకు పుంగనూరులో దిగాను. ఈ ఊరి పేరు చెప్పగానే బయటివాళ్లు పొట్టి ఆవుల సంగతి అడుగుతారు. బస్టాండులో నాకు కనిపించినవి మామూలు ఎత్తు కుక్కలు. వాటి పక్కనే రెడ్డిరాణి, వాళ్ల నాన్న రెడ్డెప్ప నిలబడి ఉన్నారు. రాణి తొమ్మిదో తరగతి. బడి యూనిఫారం ఇస్త్రీ చేసి ఉంది, మడతలు చూస్తే చెంబుతో చేసిన ఇస్త్రీ.

ఈ పిల్ల నాకు పదిహేను రోజుల కిందట చీకట్లో పరిచయమైంది. వాళ్ల బడిలో గుడారం వేశాం. రాకెట్టు లేచింది, భూమి గోళీకాయంత అయింది, చంద్రుడు దగ్గరపడ్డాడు, సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఆకాశం మెల్లగా మా నెత్తిన పడింది. చంద్రుడి మీద ఇంత మెత్తగా దిగినవాళ్లు లోకంలో మేమే. గుడ్డ కింద పిల్లలంతా కేకలు పెడుతుంటే, నా మోకాలి దగ్గర్నుంచి ఒక గొంతు నిదానంగా అడిగింది.

"సారూ, సందమామ మీద నీళ్లుండాయని ఇప్పుడే సెప్తిరే, యాడ ఉండాయి? ఎంత లోతులో ఉండాయి?"

"ఎండ ఎప్పుడూ పడని గుంతల్లో, మంచుగడ్డలై ఉన్నాయంటారు. మరీ లోతు కూడా అక్కరలేదేమో" అన్నాను, గుడ్డ కింద నుంచే.

ఆ గొంతే మళ్లీ అంది. "మా నాయన నాలుగు బోర్లు ఏసినాడు సారూ. యాడా పడలేదు. అందురూ లోతుకే పోతాండారు. నీడ యాడుండాదో సూసినోళ్లు ఒకరూ లేరు."

కరెంటు లేదు కాబట్టి ఆ రోజు చుక్క పనిచేయలేదు. సైన్సు టీచరూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, కాగితం మీద పెన్నుతో ఆమె పేరు రాశాం. మనుషులు చేసిన ఎంపిక అదొక్కటే. మిగతా బడులన్నిట్లోనూ చుక్కే ఎంపిక చేసింది.

ఏడున్నరకు పలమనేరు బస్సు. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి కండక్టరు రాణికి సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఆ రోజు ఆమెకు వచ్చిన మొదటి సున్నా అది.

రెడ్డెప్ప కాళ్ల దగ్గర రెండు సంచులు ఉన్నాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. "పోటీకి ఇన్ని బట్టలెందుకన్నా?" అని అడిగాను.

"సిన్న సంచి పాపది సార్, పుస్తకాలూ రెండు జతల బట్టలూ. సీటొస్తే దాంతో హాస్టల్లో దింపేస్తా. రాకుంటే రెండు సంచులూ రైలెక్కుతాయి." ఆయన సంచుల వైపే చూస్తూ చెప్పాడు. "మూడూ ముప్పావుకు కుప్పంలో బెంగుళూరు రైలుండాది. పాప వాళ్లమ్మ ముందే పోయి అపార్టుమెంట్లలో పని పట్టుకునె. నాకు ఆడే వాచ్‌మేను పని సూసినారు. మెట్ల కింద రూము."

"మరి రాణి చదువు?"

"ఆడ అంతా కన్నడం గదా సార్. నడిమధ్యలో తొమ్మిదిలో ఎవురు చేర్సుకుంటారు? వాళ్లమ్మ యెంబడే నాలుగు ఇండ్లకు పోతాది."

రాణి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వినలేదని నటించడానికి ఎంతో కష్టపడుతోంది. ఇలాంటప్పుడు ఏదో ఒక జోకు వేసి తప్పించుకోవడం నా అలవాటు. "పోటీలో చుక్కతో మాట్లాడాలి కదా, ఇప్పుడే ఒకసారి దోస్తీ చేసుకో" అని ఫోను తీశాను. ఫోన్లోనూ చుక్క ఉంటుంది. పేరు పెట్టి పిలిస్తే నిద్ర లేస్తుంది.

"సుక్కా" అంది రాణి.

ఫోను పలకలేదు.

"సుక్కా! ఓ సుక్కా!"

వెనక సీటాయన అడిగాడు. "ఎవుర్ని పిలస్తాండావు పాపా, దూడనా?"

"చుక్కా" అన్నాను నేను. టింగుమని లేచింది.

"నీ మాటయితే ఇంటాది సూడన్నా" అంది రాణి. ఆ మాటలో దెప్పు ఏమీ లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. తర్వాత ఫోనుకు దగ్గరగా వంగి తన ప్రశ్న అడిగింది. "సందమామ మీద నీళ్లు యాడ ఉండాయి?"

తెర మీద అక్షరాలు వచ్చాయి. "సంత మామ మీద నువ్వుల ఉండలు."

రెడ్డెప్ప ఏం రాసిందని అడిగాడు. చదివి వినిపించాను. ముగ్గురం నవ్వాం. వెనక సీటాయన ముందుకు వంగి చదివి, పక్కాయనకు చెప్పాడు. సగం బస్సు నవ్వింది. సంతకు పోయే మామ ఎవరు, ఆయన మీద ఉండలు ఎవరు పెట్టారు అని చర్చ కూడా నడిచింది. అందరికంటే ఎక్కువ నవ్వినవాణ్ణి నేను.

ఎనిమిదింబావుకు పలమనేరులో దిగాం. బస్టాండు ఎదురుగా ఇడ్లీలు బాగుంటాయి, చెనిక్కాయల చట్నీ మళ్లీ మళ్లీ వేస్తారు. ఇది కూడా పనికొచ్చే సమాచారమే, ఇందాకటి మాట సవరించుకుంటున్నాను. హోటలు వెనక చప్పుడు లేనిచోట రాణిని నిలబెట్టి మళ్లీ అడిగించాను. సంత మామే వచ్చాడు. మూడోసారి, నాలుగోసారి అడిగించాను. ఒకసారి మామ పోయి మేక వచ్చింది. నా ఇడ్లీలు చల్లారిపోయాయి.

బస్సు మోత తప్పు కాదని అప్పుడు తెలిసింది. ఎవరి తప్పో కూడా తెలిసింది.

ఆరునెలల కిందట మైకు పట్టుకుని నేను మదనపల్లె చుట్టుపక్కల తిరిగాను. "మీ ఊరి జనం మాట్లాడినట్టు మాట్లాడించి తీసుకురా" అన్నది నాకిచ్చిన పని. మార్కెట్టులో, బడుల దగ్గర, పెద్దమండ్యం పల్లెల్లో, ఎక్కడ మైకు పెట్టినా ఒకటే జరిగేది. అప్పటిదాకా "యాడికప్పా, ఏం కథప్పా" అని గలగలా మాట్లాడిన మనిషి, మైకు మీద ఎర్ర దీపం వెలగగానే పైగుడ్డ సర్దుకుని, గొంతు సవరించుకుని, రేడియోలో వార్తలు చదివేవాడైపోయేవాడు. "మా గ్రామములో వర్షములు సరిగా లేవు" అనేవాడు. దీపం ఆరగానే "సరిగ్గా సెప్పినానా?" అని అడిగేవాడు. మైకు అంటే పెద్దమనిషి. పెద్దమనిషి ముందు చినిగిన చొక్కా వేసుకోరు, ఇంటి మాట మాట్లాడరు. మా అవ్వ కూడా అంతే. పుట్టి బుద్ధెరిగి "ఎక్కడ" అనని మనిషి, మైకు ముందు "ఎక్కడ" అంది. ఎక్కడ నేర్చిందో తెలియదు.

కొంతమంది మాత్రం మాటల్లో పడి మైకును మరిచిపోయారు. బోరు ఎండిన సంగతో, ఏనుగులు తోట తొక్కిన సంగతో చెబుతూ "ఉండాది, పోతాండాది, సస్తాండాము" అని తమ మాటలోకి వచ్చేశారు. ఆ రికార్డులు ఇంటికి తెచ్చి నేనే విన్నాను. సరిగా లేనివి తీసేయమని రాసిన కాగితం ఒకటి నా దగ్గర ఉంది. ఏది సరి అన్నది అందులో లేదు. అది నేనే నిర్ణయించాను. "ఉండాది" వినపడగానే "పాడైంది" అని గుర్తుపెట్టి చెరిపేశాను. నా మాటే అది. ఇంట్లో నేనూ అట్లాగే మాట్లాడతాను. ఇంజనీరింగు కాలేజీలో మొదటి ఏడాది ఆ మాటకు క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు అంత దూరం వచ్చి నా చేత చెరిపించిందని అంటే పెద్ద కథలా ఉంటుంది. నిజం చెప్పాలంటే అప్పుడు అంత ఆలోచించలేదు. శుభ్రం చేస్తున్నాను అనుకున్నాను. చాలా శుభ్రంగా చేశాను.

ఎనిమిదీ నలభైకి కుప్పం బస్సు ఎక్కాం. రెండు గంటల దారి. ఆ రెండు గంటల్లో ఒక పిల్ల నాలుక మార్చాలి.

"యాడ కాదు రాణీ, ఎక్కడ."

"యెక్కడ."

"ఉండాయి కాదు, ఉన్నాయి. సందమామ వద్దు, చంద్రుడు అను."

"సంద్రుడు."

"చ. చ. చంద్రుడు. చుక్క."

ఆమె పెదాలు కదుపుతూ మననం చేసుకుంది. నేను ఫోను పెట్టి చూశాను. "చంద్రుని మీద నీరు ఎక్కడ ఉంది" అని ఆమె ఒక్కో అడుగు వేసినట్టు అంటే, తెర మీద ఒక్క తప్పు లేకుండా వచ్చింది. రెడ్డెప్ప మొహం వెలిగింది. "వచ్చేసెనే!" అన్నాడు. నా మొహం కూడా వెలిగే ఉంటుంది, సిగ్గు లేకుండా.

వి.కోటలో కొత్తిమీర మూటతో ఒక ముసలామె ఎక్కి మా ముందు సీట్లో కూర్చుంది. కాసేపు విని, వెనక్కి తిరిగింది. "యాలప్పా ఆ బిడ్డను అట్లా సతాయిస్తాండావు? బాగనే మాట్లాడతాండాది గదా?"

"పోటీకవ్వా. యంత్రానికి అర్థం కావాలి."

"దానికి అర్తం గాకుంటే దానికి నేర్పు. బిడ్డకేం తక్కువ?"

నాకు జీతమిచ్చేవాళ్లు నెలల తరబడి మీటింగులు పెట్టి కనిపెట్టలేని మాటను ఆమె కొత్తిమీర కట్టలు విడదీస్తూ చెప్పేసింది. నేను సమాధానంగా నవ్వాను. నాకు చేతనైన సమాధానం అదే. శాంతిపురం దాటాక రాణి డబ్బాల సంగతి చెప్పింది. రెండు డబ్బాల్లో ఒకే మన్ను, ఒకే చెంబు నీళ్లు పోసి, ఒకటి ఎండలో, ఒకటి మంచం కింద పెట్టి, రోజూ తక్కెట్లో తూచి గోడమీద బొగ్గుతో రాసిందట. "మంచం కింది డబ్బా బరువు తగ్గనే లేదన్నా. సందమామ కూడా మంచం కిందే దాసుకోనుండాది నీళ్లు." ఆ మాట విని చప్పట్లు కొట్టాలి ఎవరైనా. నేను "దాసుకోనుండాది కాదు, దాచుకుంది" అన్నాను.

పదకొండుకు పది నిమిషాలుండగా కుప్పం చేరాం. పోటీ పెట్టిన హాలు బస్టాండుకు దగ్గరే. గోడల నిండా గ్రహాల బొమ్మలు, గుమ్మంలో ఎవరో పిల్లలు అట్టముక్కలతో చేసిన రాకెట్టు. కోఆర్డినేటరు మేడం నగరం నుంచి వచ్చారు. మంచి మనిషి, నేనడిగిన సెలవు ఎప్పుడూ కాదనలేదు. ఆమెను పక్కకు పిలిచి చెప్పాను.

"మేడం, చుక్కకు మా వైపు మాట రాదు. ఈ ఒక్కరోజు మనుషులు కూడా వింటే బాగుంటుంది."

"పోయినేడు మనుషులు విన్నారు కదా, ఏమైందో నీకు తెలుసు. అందరికీ ఒకటే యంత్రం. న్యాయం అంటే అదే." ఆమె నావైపు తిరిగారు. "అయినా ఈ వైపు మాటల రికార్డులు తెచ్చింది నువ్వే కదా? అన్నీ చాలా స్పష్టంగా ఉన్నాయని అప్పుడు మెచ్చుకున్నారు కూడా."

"నేనే మేడం. అందుకే చెబుతున్నాను. అసలు మాటలన్నీ నేనే చెరిపేశాను."

ఆమె నన్ను తేరిపార చూశారు. తర్వాత నిజంగానే ఫోను చేశారు. పైవాళ్లతో పది నిమిషాలు మాట్లాడారు. తిరిగి వచ్చి, పోటీ రోజు నియమాలు మార్చకూడదన్నారని, వచ్చే ఏటికి సరిచేద్దామన్నారని చెప్పారు. "ఆ అమ్మాయిని నిదానంగా మాట్లాడమని చెప్పు" అన్నారు. వచ్చే ఏడు అన్న మాటకు మా సంస్థలో ఎప్పుడూ కరువు లేదు.

పన్నెండుకు మొదలైంది. పిల్లలు ఒక్కొక్కరే వేదిక ఎక్కి పెట్టె ముందు నిలబడ్డారు. వాళ్లు మాట్లాడుతుంటే వెనక పెద్ద తెర మీద అక్షరాలు పడుతున్నాయి. ఒక అబ్బాయి గ్రహాల పేర్లు, దూరాలు అప్పజెప్పాడు. అది ప్రశ్న కాదు. కానీ ఒక్క అక్షరం పోలేదు. తెర నిండుగా ఉంది, మార్కులూ నిండుగా వచ్చాయి.

రాణి ఏడోది. మొదటిసారి "సుక్కా" అంది. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. కళ్లు మూసుకుని "చుక్కా" అంది. పెట్టె లేచింది. "చంద్రుని మీద నీరు ఎక్కడ ఉంది? ఎంత లోతులో ఉంది?" తెర మీద చక్కగా పడింది. రెడ్డెప్ప చేతులు జోడించాడు, పెట్టెకో తెరకో తెలియదు. "భూమి మీద నీటి కొరకు మనము లోతుకు వెళ్తున్నాము" అంది. అది కూడా పడింది. అక్కడిదాకా నేను నేర్పింది. అక్కడ అయిపోయింది.

ఆ తర్వాత డబ్బాలు రావాలి. ఆమె నావైపు చూసి, డబ్బాల సంగతి మొదలుపెట్టింది. తన మాటలో. ఇంకో మాటలో ఆ డబ్బాలు ఆమెకు రావు. మన్ను ఎట్లా తెచ్చింది, తక్కెడ ఎవరి అంగట్లో అడిగింది, మంచం కింది డబ్బా పొద్దుటికి ఎట్లా చల్లగా ఉండింది, ఎండ ఎట్లా దొంగ మాదిరి నీళ్లు ఎత్తుకపోతాది, నాలుగో బోరు ఏసిన్నాడు లోతునుంచి ఉత్త దుమ్ము యట్లా లేసె. చేతులతో చూపిస్తూ చెప్పింది. కొంతసేపు హాలు హాలంతా పిల్లవైపే చూసింది. వింటున్నారు. అందరికీ అర్థమవుతోంది. ఆ కొంతసేపు నేను నమ్మాను.

అప్పుడు ముందు వరసలో ఎవరో తెర వైపు చూశారు. "దొంగ మాది రేణుక తాత, ఉత్త దుంప, మంచి కింది ఉండలు, ఉండలు, ఉండలు."

నవ్వు ముందు వరసలో పుట్టి వెనక్కి పాకింది. చెడ్డ నవ్వు కాదు. పొద్దున బస్సులో నేను నవ్విందే. రాణి ఆగిపోయింది. వెనక్కి తిరిగి తెర చూసింది. మొత్తం చదివింది, కింది నుంచి పైకి. తర్వాత ముందుకు తిరిగి, చేతులు కట్టుకుని, "నీరు ఉంది. ధన్యవాదములు" అంది. ఆ మాటలు తెర మీద చాలా అందంగా పడ్డాయి.

ఆలోచనకు సున్నా వచ్చింది. రెండో సున్నా. "మాటలు స్పష్టంగా లేవు, దయచేసి మళ్లీ ప్రయత్నించండి" అని చుక్క మర్యాదగా చెప్పింది. దానికి మర్యాద కూడా మేమే నేర్పాం.

భోజనంలో వెజిటబుల్ బిరియానీ, పెరుగు పచ్చడి. రుచి గుర్తులేదు కాబట్టి సలహా ఇవ్వలేను. రెండు గంటలకు పదిమంది పేర్లు చదివారు. నేను మళ్లీ మేడం దగ్గరికి వెళ్లాను. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేను విన్నాను ఆ పిల్లను. నాకు అర్థమైంది. నేను మార్కులు వేయలేను కదా" అన్నారు. విన్నవాళ్లు మార్కులు వేయకూడదు, మార్కులు వేసేదానికి వినపడదు. మేము తెచ్చిన న్యాయం ఈ విధంగా ఉంది.

స్టేషను పది నిమిషాల నడక. రెడ్డెప్ప పెద్ద సంచి మోశాడు. చిన్న సంచి నేను అడిగినా రాణి ఇవ్వలేదు. మూడుంబావుకు ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల దొరికింది. బెంగుళూరు వైపు పట్టాలు ఎండలో మెరుస్తున్నాయి. నేను ఇచ్చిన టీ రెడ్డెప్ప మర్యాదకు తాగాడు.

"పోనీలే సార్" అన్నాడు. "మీరేం సేస్తారు. పాపకు మాట సరిగా రాల్యా."

ఈ ఒక్క వాక్యానికి నా దగ్గర జోకు లేదు.

"వచ్చింది అన్నా. యంత్రానికి రాలేదు. తప్పు నాది" అన్నాను. ఆయన తల ఊపాడు. నమ్మలేదు. చదువుకున్నవాడు ఊరడించడానికి చెప్పే మాట అనుకున్నాడు.

రైలుకు ఇంకా పది నిమిషాలు. నాకొక ఆలోచన వచ్చింది. ఇట్లాంటి ఆలోచనలు నాకు ఎప్పుడూ రైలుకు పది నిమిషాల ముందు వస్తాయి. "రాణీ, ఆ డబ్బాల సంగతి నీ మాటలోనే ఒకసారి చెప్పు. రికార్డు చేసి దాచుకుంటాను. ఈసారి చెరపను. చుక్కకు ముందు నీ మాటే నేర్పిస్తాను."

"సరేన్నా" అంది. నేను ఫోనులో బొత్తాం నొక్కాను. ఎర్ర దీపం వెలిగింది.

రాణి చున్నీ సర్దుకుంది. వీపు నిటారుగా పెట్టింది. గొంతు సవరించుకుంది. "చంద్రుని మీద నీరు ఉన్నది. నేను రెండు డబ్బాలలో మట్టి పోసి పరిశీలించితిని."

"అట్లా కాదు. ఇందాక చెప్పినావే, ఎండ దొంగ మాదిరి అని, అట్లా."

ఆమె నావైపు విచిత్రంగా చూసింది. "యాలన్నా, మళ్లీ నవ్వేదానికా?" తర్వాత జాలిపడి సర్దిచెప్పింది. "నాకిప్పుడు బాగా వస్తాండాది సూడు. ఎక్కడ. ఉన్నాయి. చుక్క." ఒక్కటి కూడా తప్పలేదు. మళ్లీ దీపం వైపు తిరిగి, "ఎండ వలన నీరు ఆవిరి అగును" అంది. అలాగే చివరిదాకా చెప్పింది. దొంగ రాలేదు, మంచం రాలేదు, నాలుగో బోరు రాలేదు.

బెంగుళూరు రైలు ఆ ఒక్కరోజు సమయానికి వచ్చింది. రెండు సంచులూ ఎక్కాయి.

నాలుగున్నరకు కుప్పంలో తిరుగు బస్సు ఎక్కాను. కుడివైపు కూర్చున్నాను, సాయంత్రం ఎడమవైపు ఎండ కాబట్టి కాదు, అలవాటు కొద్దీ. ఉత్తరానికి పోయేటప్పుడు సాయంత్రం కుడివైపే నీడ కాబట్టి ఆ అలవాటు ఈసారి కలిసొచ్చింది. ఈ దారి గురించి మొత్తంమీద చెప్పాలంటే రోడ్డు బాగుంది. బస్సులు చెప్పిన వేళకు ఉంటాయి. ఏనుగులు దాటే చోట బోర్డులు పెట్టారు, ఏనుగులకు చదువు రాకపోయినా. అంతరిక్షం చూపించి పిల్లల్లో సైన్సు మీద ఆశ పుట్టించాలని వెళ్లేవాళ్లు తప్పకుండా వెళ్లండి. ఆశ పుడుతుంది, ఆ విషయంలో అనుమానం లేదు. పుట్టిన ఆశను ఎక్కడ పెట్టాలో ముందే చూసుకుని వెళ్లండి.

బస్సు కుప్పం దాటాక ఫోను తీసి, రాణి రికార్డును చుక్కకు వినిపించాను. ఒక్క అక్షరం తప్పు పోకుండా రాసింది. స్పష్టతకు పూర్తి మార్కులు వేసింది. ఆలోచనకు కూడా వేసింది.

బొత్తాం ఆపడం నేను మరిచిపోయినట్టున్నాను. చివర్లో రైలు కూత వినిపిస్తుంది. ఆ కూతలోంచి రాణి అసలు గొంతు. "నాయనా, రైలొచ్చె! నా సంచి యాడ పెట్నావు?" అక్కడితో అయిపోయింది.

దాని దగ్గర చుక్క ఆగింది. కాసేపు గిర్రున తిరిగి, ఏమీ రాయకుండా, ఈ భాగం పాడైంది, చెరిపేయాలా అని అడిగింది. వద్దు అని నొక్కాను. నిజంగా వద్దా అని మళ్లీ అడిగింది.

"దీనికి ఏమిట్కప్పా అన్ని అనుమానాలు?" అన్నాడు టికెట్టు కొట్టడానికి వచ్చిన కండక్టరు, నా భుజం మీదుగా చూసి.

"నేను నేర్పినవే అన్నా" అని, మదనపల్లెకు ఒకటి ఇమ్మన్నాను.